పాట ఎత్తేదెవరు

యాభై నాలుగేళ్ల వయసులో నాకు స్టూడెంట్ కార్డు వచ్చింది. ఫొటోలో నా మొహం దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు ఉంది గానీ, కార్డు మాత్రం అసలైనదే. సిడ్నీ యూనివర్సిటీలో, ఇక్కడివాళ్ల మాటలో యూనిలో, మ్యూజిక్ డిగ్రీ, ఫస్ట్ ఇయర్. స్టూడెంట్లకి ట్రైన్లో సగం టికెట్టేనని తెలిసిన రోజున, పనేమీ లేకపోయినా మేముండే వెస్ట్‌మీడ్ నుంచి సిటీ దాకా వెళ్లి తిరిగొచ్చాను. ఎవరైనా చెకింగ్‌కి వస్తే కార్డు చూపిద్దామని దారి పొడుగునా చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. ఒక్కడూ రాలేదు.

మా ఆయన జోజయ్య ఇక్కడి ఆసుపత్రిలో పేషెంట్లని వీల్‌చెయిర్లలో ఒక వార్డు నుంచి ఇంకో వార్డుకి తీసుకెళ్లే ఉద్యోగం చేస్తారు. వీల్‌చెయిర్లో కూర్చున్న ప్రతివాళ్లకీ నా కార్డు సంగతి చెప్పేశారట. ఇంటికొచ్చి మాత్రం నన్ను ఏడిపించారు.

"ఆలస్యం అమృతం విషం అంటారు. మనింట్లో అమృతవే ఆలస్యం," అన్నారు నా పేరు కలిపి.

"ఆ ఆలస్యం ఎవరి వల్లండీ? మీకూ మీ పిల్లలకీ వండి వార్చేసరికే కదా ఇన్నేళ్లు పట్టింది?"

"సర్లే, ఇయ్యాల్టి నించి అన్నం నేనే వండుతాను. కుక్కరు ఎన్ని విజిల్సో చెప్పి ఎల్లు."

మనిషి మంచివాడే, నోరే ఊరుకోదు.

ఈ పిచ్చి నాకు ఇప్పుడు పుట్టింది కాదు. మాది నర్సాపురం దగ్గర పల్లె. మా మిషన్ చర్చిలో కాళ్లతో తొక్కుతూ వాయించే పాత ఆర్గన్ ఒకటి ఉండేది. వాయించే దొరసాని వాళ్ల దేశం వెళ్లిపోయాక దాన్ని ముట్టుకున్నవాళ్లు లేరు, గాలి తిత్తులు చిరిగిపోయాయి. శనివారాలు చర్చి ఊడవడానికి అమ్మతో వెళ్లినప్పుడు దాని మూత ఎత్తి, తెల్ల నల్ల మెట్ల మీద వేళ్లు పెట్టి వాయించేదాన్ని. గాలి లేదు కాబట్టి చప్పుడు రాదు. పాటంతా నా తలలోనే వినపడేది. పెద్దయ్యాక చప్పుడొచ్చే ఆర్గన్ వాయిస్తానని అమ్మతో చెప్పాను. ముందు ఆ గుమ్మం ఊడవమని అమ్మ చీపురు నా చేతికిచ్చింది.

తర్వాత నాన్న హార్మోనియం నేర్పించారు. పెళ్లయింది, ఈ దేశం వచ్చాం. వచ్చిన కొత్తలో ఒకరోజు వాన పడుతుంటే తల దాచుకుందామని సిటీలో ఒక పెద్ద చర్చిలోకి దూరాం. లోపల ఎవరో ఆర్గన్ వాయిస్తున్నారు. గోడ పొడుగునా దాని గొట్టాలు. ఆ నాదం నేలలోంచి అరికాళ్లలోకి ఎక్కింది. నాకు ఏడుపు ఆగలేదు. "ఏవయ్యిందే, కాలు బెణికిందా?" అని మా ఆయన కంగారు పడ్డారు. నేను సంతోషం పట్టలేక ఏడుస్తున్నాను.

అప్పటి నుంచి ఏజ్డ్ కేర్ హోమ్‌లో ముసలివాళ్లకి స్నానాలు చేయిస్తూ, అన్నాలు తినిపిస్తూ, తీరిక దొరికితే అక్కడి హాల్లో ఉన్న పియానో ముందు కూర్చునేదాన్ని. అక్కడే ఉండే ఒక పెద్దావిడ, వెనకటికి మ్యూజిక్ టీచరు, నాకు నొటేషన్ చదవడం నేర్పింది. పిల్లలు స్థిరపడ్డాక, "మమ్, జస్ట్ అప్లై!" అని పెర్త్ నుంచి మా అమ్మాయి ఫేబీ ఫోన్లో అరిచింది. అప్లై చేశాను. ముందు పియానో వాయింపించుకుని విన్నారు. సీటిచ్చారు.

మా తెలుగు చర్చి సంఘంలో మాత్రం ముసలోడికి దసరా పండగ అన్నట్టు నవ్వుకున్నారు. నవ్వుకోనీ. నాకు దసరా కాదు, క్రిస్మసూ ఈస్టరూ కలిసొచ్చినట్టుంది.

ఆర్గన్ నేర్పే ఆయన పేరు రాబర్ట్. నాకంటే పదేళ్లు చిన్న. పేరు పెట్టి పిలవమంటాడు. పంతులుగారిని పేరు పెట్టి పిలవడానికి నా నోరు తిరిగితేగా? "సర్ రాబర్ట్" అన్నాను. తనకి రాణిగారు ఇంకా 'సర్' బిరుదివ్వలేదని నవ్వాడు. మొదటి పాఠానికి చర్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికెళ్తే, నా పాదాల వంక చూసి, ఆర్గన్‌ని కాళ్లతో కూడా వాయించాలి, దానికి పల్చటి అడుగున్న షూస్ కావాలి అని చెప్పాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మిగతా వాళ్లు ఆ మాట ఊరికే అంటారు, నాకు అక్షరాలా అదే జరిగింది. పైన రెండు వరసల మెట్లు చేతులకి, కింద గుమ్మం కర్రలంత మెట్లు కాళ్లకి. ఎడమ కాలు ఒక దారి, కుడి చెయ్యి ఇంకో దారి. పాఠం అయ్యేసరికి జాకెట్టంతా తడిసిపోయింది. మర్నాడు మళ్లీ ఎప్పుడవుతుందా అని ఉంది.

ఇంట్లో ఆర్గన్ లేదు కదా, కుర్చీలో కూర్చుని కాళ్లతో నేల మీదే సాధన చేసేదాన్ని. మా కింద ఫ్లాట్లో శేషగిరి గారు ఉంటారు. వారం రోజులు ఓర్చుకుని, ఒక సాయంత్రం పైకొచ్చారు.

"ఏవమ్మా, అపార్ట్‌మెంట్లో వడ్లు దంచుతున్నారా? మా సీలింగ్ ఫ్యాన్ ఊగుతోంది!"

"పరీక్షలండీ అంకుల్," అన్నాను.

డెబ్భై ఏళ్ల మనిషి. పరీక్షలు అనే మాట వినగానే మెత్తబడిపోయారు. "అయితే చదువుకో తల్లీ," అని దిగి వెళ్లారు. ఆ మర్నాటి నుంచి నా కాళ్ల కింద దుప్పటి మడిచి వేసుకున్నాను.

నాతోపాటు ఆర్గన్ నేర్చుకునే అమ్మాయి ఎల్సా. ఇరవై ఏళ్లు, అమ్మానాన్నలది కాకినాడ, తను పుట్టింది ఇక్కడే. నేను తెలుగులో మాట్లాడితే ఇంగ్లిష్‌లో జవాబిస్తుంది. దాని వేళ్లు చూస్తే నాకు అసూయ. నేను వారం పాటు కుస్తీ పడిన పేజీని అది ఫోను చూసుకుంటూ వాయించేస్తుంది. అయినా ఆ పిల్లంటే నాకు ఇష్టం. నా డబ్బాలో పులిహోర సగం దానిదే.

అక్టోబరు వచ్చింది. యూనిలో జకరండా చెట్లు ఊదారంగు పూలు పూశాయి. అవి పూశాక పుస్తకం తెరిస్తే పాసవ్వరని ఇక్కడి పిల్లల నమ్మకం. నాకు ఆ భయం లేదు గానీ వేరే చిక్కొచ్చి పడింది. రెండో ఏడు ఆర్గన్ మెయిన్ సబ్జెక్టుగా తీసుకోవాలంటే ఏదైనా చర్చిలో ఆర్గనిస్టుగా చోటు దొరకాలి. వారంవారం ఆరాధనలో వాయించాలి, సాధనకి ఆ ఆర్గన్ వాడుకోవాలి. అది దొరక్కపోతే ఆర్గన్ వదిలేసి ఇంకేదైనా తీసుకోవాలి. ఆ ఏడు ఖాళీ ఉన్నది ఒక్క చర్చిలో, పారమటా వైపు. అడుగుతున్నది ఇద్దరం, ఎల్సా, నేను.

చెరొక ఆదివారం అక్కడి ఆరాధనలో వాయించాలి. రాబర్టూ, ఆ చర్చి పాస్టరు హెలెన్ గారూ విని ఒకరిని తీసుకుంటారు. ఎల్సా ఆదివారం నాకు డ్యూటీ పడింది, వెళ్లి చూడలేకపోయాను. అద్భుతంగా వాయించిందని యూని అంతా చెప్పుకున్నారు.

"నీదైపోయిందిగా?" అన్నాను దానితో.

"నో, ఆంటీ! యూ ఆర్ గోయింగ్ టు స్మాష్ ఇట్," అంది నా పులిహోర తింటూ.

ఇది పోతే దానికి ఇంకో ఏడు ఉంది, ఇంకో పదేళ్లున్నాయి. నాకు లేవు. ఆ మాట దానితో అనలేదు, మా ఆయనతో కూడా అనలేదు. మనసులో మాత్రం అదే తిరుగుతోంది.

నా ఆదివారం రానే వచ్చింది. మా ఆయన పెళ్లినాటి కోటు వేసుకున్నారు. బొత్తాము పట్టలేదు. మూడో వరసలో కూర్చుని అటూ ఇటూ ఉన్నవాళ్లకి, "మై వైఫ్, మై వైఫ్," అని నన్ను చూపిస్తున్నారు. ఆర్గన్ దగ్గర కూర్చుంటే జనానికి వీపు చూపించాలి. అందుకని పైన చిన్న అద్దం ఉంటుంది, అందులో వెనకంతా కనిపిస్తుంది.

జనం వస్తుండగా వాయించాల్సిన జర్మన్ పీస్ బాగానే నడిచింది. కాళ్లు ఒక్కచోట కూడా తప్పలేదు. నాలోపల ఒక చిన్నపిల్ల గంతులేస్తోంది. హెలెన్ గారు మొదటి పాట నంబరు చెప్పారు. అందరూ పుస్తకాలు తెరిచి లేచారు. పాట చివరి వరస ముందుమాటగా వాయించి, చేతులు ఎత్తి, ఆగాను.

ఎందుకు ఆగానో చెప్పాలి. మా తెలుగు సంఘంలో పాట ఎత్తేది మనిషి. హార్మోనియం పల్లవి ఒకసారి వినిపించి, శ్రుతి పట్టుకుని ఊరుకుంటుంది. పెద్ద గొంతు ఒకటి పాట ఎత్తుతుంది, జనం అందుకుంటారు, హార్మోనియం వాళ్ల వెనకాల పడి పోతుంది. వాళ్లు సాగదీస్తే సాగదీయాలి, పరిగెత్తితే పరిగెత్తాలి. మా సంఘంలో ఆ పెద్ద గొంతు జోజయ్య గారిది. ఇరవై ఏళ్లకి పైగా ఆయన ఎత్తుతారు, నేను వెనకాల వెళ్తాను. ఇక్కడి చర్చిల్లో ఆర్గన్ విన్నప్పుడల్లా గొట్టాల వంక చూస్తూ మైమరచిపోయానే గానీ, ముందు మొదలుపెట్టేది ఎవరో ఎన్నడూ గమనించలేదు. "నువ్వే లీడ్ చెయ్యాలి," అని రాబర్ట్ ఏడాది పొడుగునా చెప్పాడు. గట్టిగా వాయించమంటున్నాడని అనుకున్నాను.

ఇప్పుడు ఎవరూ పాట ఎత్తడం లేదు.

అద్దంలో చూశాను. అందరూ నోళ్లు సగం తెరుచుకుని నా వీపు వంకే చూస్తున్నారు. ఎవరో దగ్గారు. బహుశా శ్రుతి అందలేదేమో అనుకున్నాను. మా సంఘంలో అయితే అప్పుడు పల్లవి ఇంకోసారి వినిపిస్తాం. అదే చేశాను. చివరి వరస మళ్లీ వాయించి, మళ్లీ ఆగాను.

ఈసారీ ఎవరూ అందుకోలేదు. పక్కన నిలబడ్డ రాబర్ట్ మొహం ఎర్రగా కందిపోయింది. హెలెన్ గారు తన బూట్ల వంక చూసుకుంటున్నారు. ఇన్నేళ్ల కోరిక నా కళ్ల ముందే, ఇంతమంది ఎదుట కూలిపోతోంది, ఎందుకు కూలిపోతోందో కూడా నాకు అర్థం కావడం లేదు.

అప్పుడు అద్దంలో మా ఆయన కనపడ్డారు. పుస్తకం బల్ల మీద పెట్టారు. పట్టని కోటు బొత్తాం పట్టించే ప్రయత్నం చేశారు. గొంతు సవరించుకున్నారు. ఆ సవరింపు నాకు నిద్రలో వినపడినా తెలుస్తుంది. ఇక గడ్డం పైకెత్తుతారు, ఊపిరి తీసుకుంటారు, పాట ఎత్తుతారు. పెళ్లాం ఆపదలో ఉంది, పాట ఎత్తడం తన బాధ్యత. నర్సాపురం గొంతుతో, నర్సాపురం నడకలో, ఏ శ్రుతిలోనో దేవుడికే తెలియాలి, ఆ ఇంగ్లిష్ పాట ఎత్తేస్తారు!

గడ్డం పైకి లేచింది.

"వద్దండీ బాబూ!" అని లోపల కేక పెట్టుకున్నాను. ఆ గొంతు ఒక్కసారి లేచిందంటే చర్చి ఆయనదైపోతుంది. నేను మళ్లీ ఆయన వెనకాల. చోటు ఎల్సాది. అప్పుడు, సరిగ్గా అప్పుడు, నాకు వెలిగింది. వీళ్లు ఎవరి కోసమో ఆగలేదు. నా కోసం ఆగారు. ఇంతమందీ, నోళ్లు తెరుచుకుని, నేను మొదలుపెట్టాలని చూస్తున్నారు. నా బతుకులో ఇంతవరకూ ఎవరూ నా కోసం ఆగలేదు!

పెద్ద గొట్టాలు మోగించే పిడి, స్టాపు, లాగాను. రెండు చేతులూ రెండు కాళ్లూ ఒకేసారి దించాను.

చర్చి దద్దరిల్లింది. ఆ వెంటనే జనం గొంతులు లేచాయి. నేను ముందు, వాళ్లు వెనక. నేను ఎటు తిరిగితే అటు తిరిగారు. ఇంత పెద్ద గాలి నా వేళ్ల కింద, నా మడమల కింద. నాకు నవ్వొస్తోంది, కళ్లలో నీళ్లొస్తున్నాయి, పేజీ అలుక్కుపోతోంది. అయినా ఫర్వాలేదు, పాట నాకు కంఠతా వచ్చు. ఆ క్షణంలో ఎవరైనా వచ్చి నీ వయసెంతమ్మా అని అడిగితే పదేళ్లని చెప్పేదాన్ని.

రెండో చరణంలో కొంచెం తెలివి వచ్చింది. అద్దంలో చూస్తే సగం మంది పెద్దవాళ్లు. కర్రలు ఆనించుకుని నిలబడ్డ ముసలివాళ్లు. ఇన్నేళ్లు పాడేవాళ్ల వెనకాల నడిచినదాన్ని, ఏజ్డ్ కేర్‌లో ముసలివాళ్ల పక్కన నడిచినదాన్ని. ఊపిరి ఎక్కడ అయిపోతుందో నాకు తెలియదా? వరస చివర రవ్వంత జాగా ఇచ్చాను. వాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. మళ్లీ ముందుకి తీసుకెళ్లాను. ఆఖరి చరణానికి చర్చి కప్పు లేచిపోతుందేమో అన్నంతగా పాడారు. మా ఆయన కూడా పాడారు, అందరికంటే గట్టిగా. ఒక్క అక్షరం వెనక.

ఆరాధన అయ్యాక హాల్లో టీ, లామింగ్టన్ కేకులు. రాబర్ట్ నా దగ్గరికి వచ్చి, ముందుమాట రెండుసార్లు ఎందుకు వాయించావు అని అడిగాడు. మా సంఘం పద్ధతి చెప్పాను. నవ్వి నవ్వి టీ కప్పు బల్ల మీద పెట్టేశాడు. నాకు నవ్వు రాలేదు. "సర్, నేను పోగొట్టుకున్నట్టేనా?" అని అడిగాను.

ఆయన జవాబు చెప్పేలోపు హెలెన్ గారు ఒక పెద్దాయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఆయన కర్ర చంకలో పెట్టుకుని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత ఆఖరి చరణం దాకా తనకి ఊపిరి మిగిలిందని చెప్పాడు.

"పోయిన ఆదివారం ఆ అమ్మాయి వాయిస్తుంటే మేం విన్నాం," అన్నారు హెలెన్ గారు ఇంగ్లిష్‌లో. "ఇవాళ నువ్వు వాయిస్తుంటే పాడాం. మాకు పాడించేవాళ్లు కావాలి. కాకపోతే ముందుమాట ఒక్కసారి చాలు. ఫిబ్రవరి నుంచి వస్తావా?"

వస్తానన్నాను. అని, ఆవిడకి ఇంకా గట్టిగా వినపడాలని, "వస్తాను!" అని తెలుగులో మళ్లీ అన్నాను. మా ఆయన పక్కనున్న వాళ్ల చేతులన్నీ ఊపేస్తున్నారు.

బయటికొచ్చి ముందు ఎల్సాకి ఫోన్ చేశాను. ఎవరో చెప్పగా వినడం కంటే నా నోటితో చెప్పడం మర్యాద.

"ఆంటీ, ఐ యామ్ రియల్లీ హ్యాపీ ఫర్ యూ. బట్ ఐ యామ్ గోయింగ్ టు బి మ్యాడ్ అట్ యూ టిల్ ట్యూస్‌డే."

"అలాగే అమ్మా. మంగళవారం గోంగూర రొయ్యలు తెస్తాను."

"...మేక్ ఇట్ మండే," అంది. సోమవారం మా ఇంట్లోనే రెండు పూటలా తిని వెళ్లమన్నాను.

కారులో మా ఆయన అన్నారు, "నీకు తెలీదు గానీ, నేనే ఎత్తేద్దావనుకున్నాను. ఊపిరి కూడా తీసేసుకున్నాను."

"తెలుసండీ. అద్దంలో చూశాను. ఆ భయంతోనే మొదలెట్టాను."

"అంటే నీకు చోటొచ్చింది నా వల్లే అన్నమాట!"

ఇక దారంతా అదే పాట.

మధ్యాహ్నం మా తెలుగు సంఘం ఆరాధన. అద్దెకి తీసుకున్న స్కూలు హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, నా హార్మోనియం. పొద్దున్నటి సంగతి అప్పటికే మా ఆయన కారు పార్కింగ్‌లో అందరికీ చెప్పేశారు. పాస్టరు గారు పాట నంబరు చెప్పారు. నేను తిత్తి లాగి పల్లవి ఒకసారి వాయించాను. మా ఆయన ఎప్పట్లాగే ముందుకొచ్చి నిలబడి గొంతు సవరించుకున్నారు. గడ్డం పైకెత్తారు.

నా వేళ్లు ఆగలేదు. ఆపాలని నాకు అనిపించలేదు. పల్లవి దాటి నేరుగా పాటలోకి వెళ్లిపోయాను, నా గొంతుతో నేనే ఎత్తాను. ఇన్నేళ్లలో ఆ హాల్లో నా గొంతు ఒంటరిగా వినపడటం అదే మొదలు. ముందు వరసలో ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, చటుక్కున అందుకున్నారు. ఆ వెనక మగవాళ్లు, పిల్లలు.

మా ఆయన తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయారు. తర్వాత మూసుకున్నారు. నా వంక చూశారు, ఆ పొద్దున జనంలో నన్ను చూపిస్తూ 'మై వైఫ్' అన్నప్పటి చూపే. రెండో వరసలో కలిశారు, బాగా వెనకపడి.

వరస చివర ఆయన ఊపిరి తీసుకునేదాకా నేను ఆగాను. ఆయన అందుకున్నారు.